పచ్చ గడి మీద వేలు

నా మనవరాలు చదివే బడి కుప్పం దగ్గర ఒక పల్లెలో, రోడ్డుకు ఎడమ పక్క, కానుగ చెట్ల వెనక ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను. పోయిన నెల కూతురింటికి పోయినప్పుడు తెలిసింది, అది రోడ్డుకు కుడి పక్క టీ అంగడిలో ఉందని. పొద్దున్నే బిడ్డను దించడానికి పోతే అయివార్లందరూ బడి వదిలిపెట్టి అంగడి ముందర నిలబడి ఉన్నారు. ఫోన్లు మొహానికి ఎదురుగా పట్టుకుని, పెండ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు కదలకుండా, రెప్ప వేయాలా వద్దా అని సందేహపడుతున్నారు. సంగతేమంటే వీళ్ల హాజరు ఫోనే వేస్తుంది. ముఖాన్నీ చూస్తుంది, నిలబడిన చోటునూ చూస్తుంది. మొదట్లో బడి ఎక్కడుందో ఫోనుకు గుర్తు పెట్టడానికి వచ్చిన మనిషికి బడి ఆవరణలో సిగ్నల్ అందలేదంట. టీ అంగడిలో అందింది. బజ్జీలు తింటూ అక్కడే గుర్తు పెట్టేసి పోయాడు. అప్పటినుంచి లెక్కల్లో బడి అంటే బజ్జీల బాణలి ఉన్న చోటు. పాఠం చెప్పే గదిలో నిలబడితే ‘మీరు బడిలో లేరు’ అంటుంది ఫోను. మార్చమని పైకి ఎన్నోసార్లు రాశారంట, మారలేదు. ఈడ తాగే టీ సెలవు కిందికి వస్తుందా, డ్యూటీ కిందికి వస్తుందా అని పెద్దసారు మునిరత్నంగారిని అడిగాను. ఆయన నవ్వలేదు. నవ్వితే ముఖం కలవదంట, మళ్లీ మొదటినుంచి నిలబడాలంట.

నేను ఏడో తరగతి తప్పి బడి వదిలేసినవాణ్ణి. ఆ తర్వాత మదనపల్లె టమోటా మండీలో వేలం పాట పాడుతూ బతికాను. గొంతు బొంగురుపోయాక పత్రికలకు నవ్వులాట ముక్కలు రాస్తున్నాను. కాబట్టి చదువుల గురించి మాట్లాడే అర్హత నాకు లేదని నా కూతురు సుజాత అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటుంది. అర్హత లేనివాళ్లే కదా చదువుల గురించి ఎక్కువ మాట్లాడేది, నేనొక్కణ్ణి ఎందుకు తగ్గాలి? ఆ రోజు బడిలో తల్లిదండ్రుల సమావేశం. అల్లుడు చీకటితోనే రైలెక్కి బెంగుళూరు పనికి పోతాడు, తిరిగొచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది. అందుకని తండ్రి కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

తరగతి గదిలో గోడకు ఒక పెద్ద తెర బిగించారు. దాని కిందపడి నల్లబల్ల కనుమరుగైంది. చాక్‌పీసుతో ఒక అక్షరం రాయాలంటే ఇప్పుడు తలుపు మీద రాయాలి. తెరకు పూలంచు కుట్టిన గుడ్డ ముసుగు వేసి, పిల్లలెవరూ తాకకుండా ముందర బెంచీ అడ్డం పెట్టారు. మా ఊళ్లో ఉత్సవ విగ్రహానికి కూడా ఇంత మడి చూడలేదు. దాని పాఠాలు వేరే, ట్యాబులు వేరే. ఆ పొద్దు ట్యాబు ప్రదర్శన. నా మనవరాలు నందిని ఐదో తరగతి, తరగతికి ఫస్టు. దాన్నే ముందుకు పిలిచారు. ట్యాబులో ఒక ప్రశ్న వస్తుంది, కింద నాలుగు గళ్లు. పిల్ల ఒక గడి నొక్కుతుంది, అది పచ్చగా మారుతుంది, లోపలినుంచి చప్పట్లు మోగుతాయి. చప్పట్లు కూడా దాంట్లోనే పెట్టేశారు, మనం చేతులు కదపాల్సిన పని లేదు. నందిని నొక్కిందల్లా పచ్చ. కండ్లు మూసి తెరిచేలోపల పచ్చ. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కనున్న ఆడవాళ్లవైపు చూడకుండా చూస్తోంది. నేను కూడా మీసం మీద చెయ్యి వేసుకున్నాను, అబద్ధమెందుకు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంకొక పూజ. పిల్లలు తినేముందర ఫోటో పైకి ఎక్కాలి. కుప్పం సరిహద్దులో ఫోనుకు ఒక ఊరంటూ లేదు. అటు తిరిగితే తమిళనాడు స్వాగతం చెబుతుంది, ఇటు తిరిగితే కర్ణాటక స్వాగతం చెబుతుంది. ఇంత మర్యాద జరిగేలోపల పిల్లలు కోడిగుడ్డు చేతిలో ఎత్తి పట్టుకుని ఎండలో నిలబడే ఉన్నారు. గుడ్డు చల్లారింది, అన్నం గట్టిపడింది. గుడ్డు ఎక్కాక మరుగుదొడ్డి ఎక్కాలి. మునిరత్నం సారు ఫోను పట్టుకుని మరుగుదొడ్లలోకి పోయి, నేల, గోడ, తొట్టి, ఒక్కొక్కదానికీ ఫోటో తీసుకుని బయటికొచ్చాడు. పిల్లల ముఖాలకన్నా మరుగుదొడ్డి ముఖం ఎక్కువసార్లు చూస్తానని ఆయనే అన్నాడు, వాసన ఇంకా ముక్కులో ఉన్న మొహం పెట్టి. ఆ మాట ఆయన నవ్వులాటకు అనలేదు. నాకు అన్నం సహించలేదు.

సాయంత్రం బిడ్డను తీసుకుని నడిచి వస్తున్నాను. దోవలో ఒక గోడ నిండా నీలం రంగుతో బోర్లు వేసేవాళ్ల ప్రకటన ఉంది. ఊరికే మాట కలపడానికి ఏం రాసుందమ్మా అని అడిగాను. ‘రోజూ గుడ్డు తినండి, బలంగా ఉండండి అని రాసుండాది తాతా’ అంది, తడుముకోకుండా. నాకు నవ్వొచ్చింది, పరాచికం ఆడుతోందనుకున్నాను. మరుసటి రోజు పొద్దున అదే గోడ దగ్గర అదే అడిగాను. ‘చెత్త రోడ్డుమీద వేయొద్దండి అని’ అంది. గోడ రాత్రికి రాత్రి మారలేదు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. పక్కన కూర్చోబెట్టుకుని బుజ్జగించి అడిగితే చెప్పింది. ట్యాబులో మైకు బొమ్మ నొక్కితే ప్రశ్న అదే చదివి వినిపిస్తుందంట. జవాబు ఏ మూల ఉందో గుర్తు పెట్టుకుంటే చాలంట. పరీక్షకు ముందు సారు అందరిచేతా ఆడిస్తాడంట. వాన ప్రశ్నకు కింద ఎడమ పక్క, పులి ప్రశ్నకు పైన కుడి పక్క. ఇంటి చుట్టుపక్కల తమిళం, ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు ఒక పక్క తెలుగు. మాట్లాడమంటే మూడూ కలిపి గలగలా మాట్లాడుతుంది. చదవమంటే మూడింట్లో ఏదీ రాదు. ఐదో తరగతి ఫస్టు.

నా కాళ్లు ఎందుకు ఆగిపోయాయంటే, ఆ పని నేను చేసి ఉన్నాను కాబట్టి. మాది పుంగనూరు. పలమనేరు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. ఇంట్లోకి అడుగు పెడితే మొదట పొగ, తర్వాత మనుషులు. చెనిక్కాయ పొట్టుతో, అదే వేరుశెనగ పొట్టుతో, నీళ్లు కాచేవాళ్లం. ఆ పొగకు వేయించిన వాసన ఉండేది, ఆకలి లేనివాడికి కూడా ఆకలయ్యేది. పొయ్యి దగ్గర అమ్మ రెండు కాళ్లమధ్య కుండ బిగించి తెడ్డుతో సంగటి గెలికేది. రోటి దగ్గర అవ్వ చెనిక్కాయ ఊరిబిండి పచ్చడి నూరేది. విత్తనాల కాలం వస్తే సాయంత్రాలు ఇంటిల్లిపాదీ చాపమీద కూర్చుని కాయలు ఒలవాలి. నోరు ఊరికే ఉంటే విత్తనం లోపలికి పోతుందని అవ్వ మమ్మల్ని ఆపకుండా మాట్లాడుతూనే ఉండమనేది. ఎవడి నోరు ఆగితే వాడు నములుతున్నట్టు లెక్క, గెంటె వెనక్కి తిప్పి మోకాలి మీద ఒకటి వేసేది. నాకు వాగుడు ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లకు ఇదే జవాబు. మా ఇంట్లో వాగుడు కాపలా పని.

తాత మాత్రం ఒలిచేవాడు కాదు. ఆయనకు కండ్లలో పొర కమ్మి మనుషులు నీడల్లా కనిపించేవాళ్లు. రోడ్డువైపు మెట్టు మీద కంబళి పరుచుకుని, నస్యం డబ్బీ తొడకింద పెట్టుకుని, పోయే లారీల చప్పుడు వింటూ కూర్చునేవాడు. చూపు పోయాక ఆయనకు లోకంలో ఏం రాసుందో తెలుసుకోవాలనే పిచ్చి పట్టింది. చూపున్నప్పుడు కూడా ఆయనకు చదువు రాదు, అది వేరే సంగతి. నేను దొరికితే చాలు, చొక్కా పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఆ లారీ వెనక ఏముంది, ఎదురుగోడమీద ఏముంది, సినిమా బండి మీద ఏముంది? నాకు చదవడం వస్తే కదా. తోచింది చెప్పేవాణ్ణి. ఎదురుగోడ మీద ఎరువుల ప్రకటన ఉంటే, ఫలానా ఊళ్లో రెండు తలల దూడ పుట్టిందంట తాతా అనేవాణ్ణి. ఆయన ఆనందంగా తల ఊపి, నస్యం పీల్చి, మర్నాడు అదే గోడను మళ్లీ అడిగేవాడు. నాకు దూడ గుర్తుండేది కాదు. ఈసారి కోటలో నిధి దొరికేది. ‘నిన్న దూడ అంటివే. గోడ మారిందా, నువ్వు మారినావా? దగ్గరికి పోయి సూసి సెప్పు పో’ అనేవాడు. గుడ్డివాడని ఊళ్లో అందరూ మోసం చేసేవాళ్లు ఆయన్ని, నేను మాత్రం ఒక్కసారి కూడా గెలవలేదు.

ఆ రోజుల్లోనే బడిలో కూడా దొరికిపోయాను. పక్కవాడు చదివింది విని అప్పజెప్పడంలో నన్ను మించినవాడు లేడు. పాఠం మొత్తం నోటికి వచ్చేది, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా వచ్చేది. ఒకరోజు మా అయివారు పుస్తకం మీద చూపుడువేలు పెట్టి, అడుగు వరుస నుంచి పైకి చదవమన్నాడు. అంతే, అయిపోయింది. సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చి, మెట్టుమీద కూర్చుని మజ్జిగ తాగి, నాయనతో నా ముందరే చెప్పాడు. ‘వీనికి సదవను రాదప్పా. నోరుండాది, కన్ను లేదు. పైకి తోసేస్తే ఇంగ జన్మలో రాదు. ఈయేడు తప్పిస్తా.’ నాయన తల దించుకున్నాడు. నేను పొయ్యి వెనక దాక్కున్నాను, పొగకు కండ్లలో నీళ్లు కారాయని చెప్పుకున్నాను. తప్పించినవాణ్ణి మళ్లీ అదే తరగతిలో కూర్చోబెడితే నేనే పోలేదు, సిగ్గు. కానీ మెట్టుమీద తాత ఉన్నాడు. నాకు రాదని ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు, దాచాల్సిన పని పోయింది. నాకు రాదని నాకు కూడా గట్టిగా తెలిసింది. రోడ్డు దాటి గోడ దగ్గరికి పోవడం, ఓనమాలతో పోల్చుకుంటూ ఒక్కొక్క అక్షరం మొహం గుర్తుపట్టి ఇవతలికి పరుగెత్తి తాతకు చెప్పడం, సగంలో మర్చిపోయి మళ్లీ పరుగెత్తడం. ఎరువుల ప్రకటనలోనే నాకు తెలుగు వచ్చింది. ఇప్పటికీ నా రాతలో ఆ వాసన వస్తుందని గిట్టనివాళ్లు అంటుంటారు.

ఆ బడిని పొగడబోవడం లేదు. ఆ అయివారి బెత్తం తగిలిన వేలు నాకు చలికాలంలో ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోదు. కొన్ని ఇండ్ల పిల్లలను చూరు కింద వేరుగా కూర్చోబెట్టిన బడి అది. యంత్రాల పిచ్చి అప్పుడు లేదనుకుంటే అదీ అబద్ధమే. మా బడికి ఒక రేడియో ఇచ్చారు. బీరువాలో తువ్వాలు చుట్టి దాచి, ఎవరైనా తనిఖీకి వస్తే బయటికి తీసేవాళ్లు. పిల్లల పాఠం వస్తుందని చేతులు కట్టుకుని కూర్చుంటే కన్నడంలో పట్టుపురుగుల గురించి వచ్చేది. మా అయివారు దాని నెత్తిన కూడా మా నెత్తిన కొట్టినట్టే ఒకటి కొట్టేవాడు. అది బాగుపడేది, మేము బాగుపడలేదు. కానీ ఒకటి చెప్పాలి. ఆ రేడియో మేము నేర్చుకున్నామని ఎవరికీ సాక్ష్యం చెప్పలేదు. అది కూసేది, మానేది, అంతవరకే. మాకు వచ్చిందా రాలేదా అని తేల్చే పని మనిషి వేలిదగ్గరే ఉండింది. ఇప్పుడు పాఠం చెప్పేదీ అదే, ప్రశ్న చదివేదీ అదే, జవాబు దిద్దేదీ అదే, చప్పట్లు కొట్టేదీ అదే. మధ్యలో పిల్ల ఎందుకో నాకు అర్థం కాలేదు. వేలు కావాలి కాబట్టి పిల్లను ఉంచారేమో.

మళ్లీ కుప్పానికి వస్తాను. ఆ బడిలో నిజమైన చదువు లేకపోలేదు. గంట కొట్టాక, ట్యాబులు పెట్టెలో పెట్టి తాళం వేశాక, మునిరత్నం సారు వరండాలో కొంతమంది పిల్లలను నేలమీద చుట్టూ కూర్చోబెట్టుకుంటాడు. పలకలు, సుద్దముక్కలు. ఒక్కొక్కరి పక్కన చతికిలబడి, అక్షరం మీద అక్షరం పలికిస్తాడు. ఆ గంటలో ఆయన వేరే మనిషి. ఒక పిల్లవాడు కూడబలుక్కుని ‘ఎలుగుబంటి’ అని చదివినప్పుడు ఆయన మొహంలో చూశాను, పొద్దున ఫోను ముందర చచ్చిపోయిన నవ్వును. నందినిని కూడా ఆ గుంపులో కూర్చోబెట్టమని అడిగాను. దానికి చదవడం రాదని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. ఆయనకు తెలుసు.

‘తెలుసు పెద్దాయనా. మా చేతుల్లో ఏముండాది? పరీక్షలో ఎర్ర గళ్లు వచ్చినోల్లే ఈ గంటకు. పేర్లు ఫోనే ఇస్తాది. గంట నడస్తాండాదని రోజూ ఫోటో పెట్టాల. పేర్లకన్నా ముఖాలు ఎక్కువైతే ఫోటో ఎక్కదు’ అన్నాడు. అంటే చదవడం నేర్చుకోవాలంటే ముందు తప్పు నొక్కాలి. నా మనవరాలు ఒప్పు నొక్కే నేరం చేసింది. ఇంకొన్నాళ్లు పోతే ఆరో తరగతికి టౌన్‌లోని పెద్ద బడికి పోతుంది. అక్కడ వరండా ఉండదు, చతికిలబడే మునిరత్నం ఉండడు. ఇక్కడ రాకపోతే ఇక రాదు.

సుజాతతో చెబితే చేటలో బియ్యం చేటలోనే ఆగిపోయాయి. తరగతి ఫస్టు వచ్చిన బిడ్డను మొద్దుపిల్లల గుంపులో కూర్చోబెట్టాలా, వీధిలో తల ఎట్లా ఎత్తుకోవాలి అంది. నీకు చదువు రాకపోయె, దానికీ వద్దంటావా అంది. అదంతా విన్నాను. గోడ సంగతి చెబితే మాత్రం నమ్మలేదు. ‘నువ్వు దాన్ని ఎగతాళి పట్టిస్తాండావు నాయనా. నీ నోటికి అది కూడా ఎదురు ఎగతాళి ఆడింటాది’ అంది. జీవితమంతా నవ్వులాట ఆడినవాడి ఇంట్లో జరిగేది ఇదే, నిజం చెబితే అది కూడా పరాచికాల ఖాతాలో పడుతుంది.

అందుకని నందినితో ఒప్పందం చేసుకున్నాను. వచ్చే పరీక్షలో అన్నీ తప్పు నొక్కాలి. వానకు పైన కుడి పక్క, పులికి కింద ఎడమ పక్క. ఎర్ర గళ్లు వస్తాయి, సాయంత్రం గంటలో కూర్చోవచ్చు, మూడు భాషల్లో బోర్ల ప్రకటన చదవవచ్చు. దానికి ఆట బాగా నచ్చింది. ఇంట్లో ఉత్త నేలమీద వేలితో నొక్కి సాధన కూడా చేసింది. తప్పు చేయమని పెద్దవాళ్లు చెప్పడం దానికి కొత్త.

పరీక్ష రోజు బడి వదిలే వేళకు పోయి గేటు దగ్గర నిలబడ్డాను. మునిరత్నం సారే ఎదురొచ్చాడు, మేలు చేసినవాడి మొహంతో. ‘మీ పాప ఈ పొద్దు ఏమో పరధ్యానంగా ఉండింది పెద్దాయనా. అన్నీ తప్పు నొక్కేసింది. నేను సూసుకుంటి కాబట్టి సరిపాయ. మల్లా మొదటినుంచి తెరిచి, వేలు పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కిస్తి’ అన్నాడు.

మనలో పిల్ల వేలు పట్టుకునే పని ఒకటుంది. పళ్లెంలో బియ్యం పోసి, వణికే చిన్న వేలును పెద్ద పిడికిట్లో పెట్టుకుని, మొదటి అక్షరం గీయిస్తాం. ఆ వేలును, ఆ పిడికిలిని తీసుకొచ్చి ఈయన పచ్చ గడి మీద పెట్టాడు. బతుకులో మండీ కుళ్లులో, లారీల్లో పగిలిన టమోటా రసంలో మోకాళ్లదాకా దిగి నిలబడినవాణ్ణి నేను, అప్పుడు కూడా ముక్కు మూసుకోలేదు. ఆ గేటు దగ్గర నాకు ఉమ్మేయాలనిపించింది, ఎవరి మీదో తెలియలేదు. యాల సార్ అట్ల చేసినారని అడిగాను. ఫస్టు పాప ఎర్రలోకి పడితే పైనుంచి ఫోనొస్తుందంట, పాఠం చెప్పలేదని రాస్తారంట. చెప్పినారా అని అడిగాను. ఆయన చేతిలో ఫోను వైపు చూసుకున్నాడు. మరుగుదొడ్డి ఫోటో ఇంకా ఎక్కలేదు. దాన్ని ఎత్తి పట్టుకుని, సిగ్నల్ కోసం, రోడ్డు దాటి టీ అంగడివైపు నడిచాడు.

నందిని పరుగెత్తుకుంటూ వచ్చింది. ‘తాతా, నువ్వు చెప్పినట్టే అన్నీ తప్పు నొక్కినా. అయినా గూడా నేనే ఫస్టు’ అంది. దాని ఆనందానికి అడ్డం చెప్పలేకపోయాను.

ఆ సాయంత్రం మదనపల్లె బస్సు ఎక్కాల్సినవాణ్ణి, ఎక్కలేదు. సుజాత వంటింట్లో ఉంది, నాతో మాట్లాడటం లేదు. గడప దగ్గర వెలుతురు చూసుకుని కూర్చుని, నందినిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు పేపరు దాని ఒళ్లో పరిచాను. పెద్ద అక్షరాల శీర్షిక ఒకటి వెతికి, ఇదేందో చదువమ్మా అన్నాను. అది పేపరు మీదికి వంగి, మొదటి అక్షరం మీద వేలు పెట్టి నొక్కింది. ఆగింది. నా వైపు చూసింది.

‘ఇది పలకడం లేదు తాతా.’

‘అది పలకదమ్మా, నువ్వే పలకాల’ అన్నాను.

కొంచెంసేపు ఆలోచించింది. మళ్లీ అదే అక్షరం మీద వేలు పెట్టి, ఈసారి ఇంకొంచెం గట్టిగా నొక్కింది.